సూరిబాబు పెదాల మీద మాట

రెండువేల ఇరవై రెండు. జనం మాస్కులు తీసి జేబుల్లో పెట్టుకుంటన్న ఏడాది. ఇజీనారంలో, అదే విజయనగరంలో, ఒక ఆసుపత్రి, అందులో మానసిక వార్డు. నేనక్కడ ఆయాని. పేరు పైడమ్మ. సంతకం పెడతాను, బస్సు మీద బోర్డు కూడబలుక్కుంటాను, అంతకి మించి సదువు లేదు. నేను సెప్తన్నాను, మా సిస్టరమ్మ రాస్తన్నాది. పేర్లు మార్చినాను గానీ జరిగింది మార్చలేదు.

ఆయా అంటే ఊడ్చి తుడిచే మనిషనుకుంటారు. అదీ సేస్తాను. కానీ డాక్టరు మందు రాస్తారు, సిస్టరు సేతికిస్తాది, ఆ మందూ కూడూ గొంతు దిగినాయా లేదా అని సూసేది నేను. ఆ సూపు కూడా వైద్యమే.

సూరిబాబు అరసవల్లిలో ఆటో తోలేవోడు. స్కిజోఫ్రీనియా అన్నారు. మన ఊళ్ళల్లో గాలి సోకిందంటారే, ఆ జబ్బు. ఎవలూ లేని సోట గొంతులు వినపడతాయి. అలా వినపడ్డాన్ని హాలూసినేషన్ అంటారు. మనకి వినపడని గొంతే, వినేవోడికి మన గొంతు కన్నా గట్టిగా ఉంటాది.

వచ్చిన కాడ్నించి ఆడు తిండి ముట్టలేదు. నీళ్ళు కూడా తాగలేదు. సెలైను సూది గుచ్చితే పీకి పారీసినాడు. పెళ్ళాం లచ్చిమి కంచం పట్టుకుని మంచం సుట్టూ తిరిగేది.

"మావా, ఒక్క ముద్ద తిను మావా. నా మీద ఒట్టు."

ఆ పిల్ల సెయ్యి దగ్గరకొస్తే సాలు, ఆడు గోడేపు తిరిగిపోయేవోడు. నేను పెడితే ముద్ద వంక సూసేవోడు, తర్వాత లచ్చిమి వంక సూసేవోడు, నోరు బిగించీసేవోడు.

డాక్టరమ్మ అన్నారు, "ఇంక ఆగలేం పైడమ్మా. సాయంత్రానికి తాగకపోతే రైల్స్ ట్యూబ్ వెయ్యాలి." అంటే ముక్కులోంచి పొట్టలోకి దింపే గొట్టం. మనిషి ఒప్పుకుంటే పర్లేదు. ఒప్పుకోపోతే కాళ్ళూ సేతులూ పట్టుకుని ఎయ్యాలి. అలా పట్టుకున్నాక ఆడు ఇంక మమ్మల్ని నమ్ముతాడా? అదే నా బెంగ. లచ్చిమి ఆ మాట విని, "వద్దమ్మా, ఇంటికి తీసుకుపోతాను, పోతే నా ఒళ్ళోనే పోతాడు," అని గుడ్డల సంచీ సర్దడం మొదలెట్టింది.

అప్పుడు నేను ఆడి మంచం పక్కన కూకుని మొకమే సూస్తన్నాను. ఆడి పెదాలు కదుల్తన్నాయి. గొంతు లేదు, గాలి లేదు, సన్నగా వణుకు.

మా ఆయన నెల్లిమర్లలో జూట్ మిల్లు పని సేసినాడు. మగ్గాల కాడ సప్పుడికి పక్కోడి అరుపు కూడా వినపడదు. అక్కడ అందరూ పెదాలతోనూ సేతులతోనూ మాటాడుకుంటారు. పోను పోను ఆయన సెవులే పోయినాయి. ఇంటికాడ కూడా మాకదే బాస. కూర మాడిందన్నా, పక్కింటోల్ల మీద సాడీలన్నా, అన్నీ పెదాల మీదే. ఆయన పోయి ఏళ్ళయింది గానీ నా కళ్ళకి ఆ అలవాటు పోలేదు.

"అమ్మా, ఈ బాబు ఏటో అంటన్నాడు," అని డాక్టరమ్మని పిలిచినాను.

ఆవిడ నవ్వలేదు, కసరలేదు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "వెనకటి డాక్టర్లు కొందరు ఇది పట్టుకున్నారు పైడమ్మా. గొంతులు వినపడే టైములో రోగి గొంతు దగ్గర, పెదాల దగ్గర కండరాలు సన్నగా కదులుతాయని మిషన్లు పెట్టి చూశారు. ఆ మాట పుట్టేది వాళ్ళ మెదడులోనే. నాది అని గుర్తుపట్టే చోట మెదడు పొరపాటు పడుతుంది. అందుకని ఎవరో అంటున్నట్టు వినపడుతుంది. అందరిలోనూ కదలవు, ఇతనిలో కదులుతున్నాయి. నువ్వు చదవగలవా?"

"కొన్ని ముక్కలు దొరుకుతాయమ్మా."

సూస్తన్నాను. "కలిపింది," అన్నాయి పెదాలు. మల్లీ "ముట్టకు". మల్లీ "కలిపింది".

నేను సెప్పగానే లచ్చిమి సేతిలో సంచీ కింద పడిపోయింది. "అమ్మా, నిజంగానే కలిపినానమ్మా! ఇంటికాడ మాత్రలు మింగనంటే నూరి సోడి పిండి అంబలిలో కలిపీసినాను. మా అత్త, మా ఒదిన, అందరూ అలాగే పెట్టమన్నారు."

ఇదీ మా ఏపు మనుషులు సేసే పని. పేమతోనే సేస్తారు. మందు దిగితే సాలనుకుంటారు. కానీ ఆడి తలలో గొంతు విషం అంటన్నాది, ఈ పిల్లేమో నిజంగానే దాసి కలిపీసింది. ఇంక ఆడు ఎవల్ని నమ్ముతాడు?

"నా పాపమే ఈ జబ్బు తెచ్చిందా అమ్మా?" అని ఏడిసింది.

"కాదమ్మా," అన్నారు డాక్టరమ్మ. "ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లే తల్లి పెంపకం వల్ల వస్తుందని రాసి తల్లుల్ని ఏడిపించారు. తప్పని తేలింది. వంశంలో కొంత వస్తుంది, ఇంకా చాలా కారణాలు కలుస్తాయి. మెదడులో డోపమైన్ అనే రసాయనం లెక్క తప్పుతుంది. మాత్ర దాన్ని దారిలో పెడుతుంది. ఆ మాత్రలు లేని కాలంలో ఇలాంటోళ్ళకి ఇన్సులిన్ ఎక్కించి కోమాలోకి పంపేవారు. నీ భర్త ఈ కాలంలో పుట్టాడు, మంచిదే. కానీ కలిపిన మాట నువ్వే అతనికి చెప్పాలి."

"ఉన్నమాట సెప్తే ఆడి అనుమానం ఇంకా గట్టిపడిపోదా?" అంది సిస్టరమ్మ.

డాక్టరమ్మ అన్నారు, "పడొచ్చు. కానీ అబద్ధం మీద మందు ఎన్నాళ్ళు నిలబడుతుంది?"

లచ్చిమి ఆడి ఎదర కూకుంది. సెయ్యి ముట్టుకోలేదు. "మావా, నేనే కలిపినాను. విషం కాదు, డాక్టరిచ్చిన మాత్ర. నీకు సెప్పకుండా కలిపినాను. ఇంకెప్పుడూ కలపను."

ఆడు కదల్లేదు. పెదాలు మటుకు ఆడతన్నాయి. డాక్టరమ్మ నా వంక సూసినారు.

"సెప్పీసింది, సెప్పీసింది అంటన్నాడమ్మా."

తర్వాత పెదాలు ఆగినాయి. సూరిబాబు పెళ్ళాం కేసి తిరిగి, ఎండిన గొంతుతో, పైకి అన్నాడు. "అందుకేనే అంబలి అంత సేదు. నీకు ఒండడం మర్సిపోయిందనుకున్నాను."

"నా వొంటకి వంకెట్టకు మావా, మాత్రకి పెట్టు!" అని ఆ పిల్ల ఏడుస్తా నవ్వింది.

నేను కొబ్బరి బొండం తెచ్చి ఆడి కళ్ళెదరే కొట్టించినాను. తొక్క తీయని అరటిపండు, పెంకు తీయని గుడ్డు పక్కన పెట్టినాను. ఎవలి సెయ్యీ దూరని తిండి. ఆడు బొండం అటూ ఇటూ తిప్పి సూసి, గటగటా తాగీసినాడు. గొట్టం తీసుకొచ్చిన ట్రే ఎనక్కి ఎలిపోయింది.

గొంతులు ఆ రోజే పోలేదు. మందు పని సెయ్యడానికి వారాలు పట్టింది. కానీ ఆ మాత్ర ఆడు సూసి, పేరడిగి, తన సేత్తో ఏసుకున్నాడు. ఇప్పుడు మల్లీ ఆటో తోల్తన్నాడు.

డాక్టరమ్మ సదువుకునే పిల్లలకి ఈ కేసు సెప్పేటప్పుడు నన్ను పక్కన నిలబెట్టి "మా పైడమ్మ" అంటారు. దాసుకోవడం దేనికి, గర్వంగానే ఉంటాది. మెదడు సంగతి ఆవిడ సదువుకున్నారు, పెదాలు నేను సదివినాను.

ఆ రోజు నేను నేర్సుకుంది ఒకటే. మనిషికి మతి సెదిరినా, మోసం తెలిసే తెలివి ఉంటాది. అందుకే వార్డులోకి కొత్తగా వచ్చే ప్రతి పెళ్ళాన్నీ, ప్రతి తల్లినీ ముందు కూకోబెట్టి అడుగుతాను, "కూట్లో ఏటైనా కలపతన్నావా అమ్మా?" సగం మంది తల దించుకుంటారు. "తిట్టను తల్లీ," అంటాను. "పద, ఆడికి సెప్పీసొద్దాం."