గ్లెనిస్ మోకాలికి పై బీమా

గ్లెనిస్ ప్రిచర్డ్ మోకాలు మొరాయించిందంటే లిమోజ్ చుట్టుపక్కల పల్లెల్లో ఆదివారం డ్యాన్సులు సగం చచ్చినట్టే. అబ్బో, అకార్డియన్ మోగితే చాలు, డెబ్బై ఏళ్ల ఆ వేల్సు మనిషి పూనకం వచ్చినట్టు గిర్రున తిరిగేది! కార్డిఫ్‌లో బడి పిల్లలకు వండి వండి రిటైరై ఫ్రాన్సు వచ్చాక ఆ ఆటే ఆమెకు ప్రాణం. జోడీ ఎప్పుడూ మార్సియలే. భార్య పోయిన రైతు, పక్కింట్లో ఆవులు పెంచుకుంటాడు. కాళ్లు మహా చురుకు గానీ నోట్లో నాలుక లేదు పాపం.

మోకాలు మార్పించాల్సిందేనన్నాడు డాక్టరు. సర్కారు బీమా చాలావరకు ఇస్తుంది, మిగిలినదానికి పై బీమా తీసుకోవాలి. వైద్యానికి చేతి డబ్బు పెట్టడం ఎరగని దేశం నుంచి వచ్చిన గ్లెనిస్ ఇన్నేళ్లూ దాని జోలికే పోలేదు. ఈలోగా కార్డిఫ్ నుంచి కూతురు ఫోను.

"అమ్మా, అక్కడ నిన్ను చూసేదెవరే? ఇల్లు అమ్మేసి వచ్చెయ్."

"అరిగింది మోకాలే, బుర్ర కాదు!" అని పెట్టేసింది గ్లెనిస్. పెట్టేసింది గానీ ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. నిజమే, చూసేదెవరు?

ఏ పై బీమా మంచిదని అడిగితే సంతలో తలో మాట. "పళ్లకు బాగా ఇచ్చేది తీసుకో. నీ పళ్లూడితే నా జున్ను ఎవరు కొంటారు?" అంది జున్ను అమ్మే ఆవిడ. కళ్లద్దాలు మర్చిపోకన్నాడు రొట్టెలాయన. చెవులన్నారు ఇంకొకరు.

"వీళ్ల మాట వింటే నన్ను విడిభాగాల కింద తూకం వేసేలా ఉన్నారు," అని నవ్వుతూ గ్లెనిస్ మార్సియల్ వ్యానెక్కింది. ఆయన ఆమెను బీమా ఆఫీసుకు తీసుకెళ్లి, తనూ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

ఆఫీసులో పెరిన్ అనే చలాకీ అమ్మాయి ఒక్కొక్కటే అడిగింది.

"ఆసుపత్రిలో విడిగది కావాలా అమ్మా?"

"ఆ, ఉండనీ."

"రాత్రిళ్లు తోడుండేవాళ్లకు మంచం? దానికీ బీమా ఇస్తాం."

గ్లెనిస్ నవ్వు ఆగిపోయింది. "అది తీసెయ్ తల్లీ. నాకు తోడెవరున్నారు?"

"ఉంచండి," అన్నాడు మార్సియల్.

ఇద్దరూ ఉలిక్కిపడి అటు తిరిగారు. ఆయన చేతిలో టోపీ నలిగి ముద్దయింది, చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవరికండీ?" అంది పెరిన్.

"నాకే."

"మరి మీ ఆవులో?" అంది గ్లెనిస్, ఇంకేం అనాలో తోచక.

"తమ్ముడు చూసుకుంటాడు. ముందే అడిగాను."

పెరిన్‌కు నవ్వాగడం లేదు. "ఈయన మీకేమవుతారమ్మా?"

"నన్నడుగుతావేం, ఆయన్నే అడుగు!"

మార్సియల్ గ్లెనిస్ వైపు తిరిగాడు. "పెళ్లి మాట మోకాళ్ల మీద కూర్చుని అడగాలంటారు గ్లెనిస్ గారూ. మూడేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. కూర్చుంటే మళ్లీ లేవలేనేమోనని..."

అంతే! గ్లెనిస్ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే ఆయన టోపీతో కళ్లు తుడుచుకుంది. ఎంత సంతోషమో, కుర్చీలో నిలవలేకపోయింది.

"ఇల్లు అమ్మేది లేదని మా అమ్మాయికి చెప్పాలి," అంది. "ఆ మంచం ఉంచు తల్లీ. కాస్త వెడల్పాటిది దొరుకుతుందేమో చూడు."