రంగన్న చేత్తో రాసిన పదకొండు లైన్లు

రాజశేఖర్ కడపలో చదివాడు, ఉద్యోగమూ కడపలోనే దొరికింది. నేల కింద నీళ్లెక్కడున్నాయో మీటరు పెట్టి చెప్పే చిన్న సర్వే ఆఫీసు అది. చేనుకు అడ్డంగా ఇరవైనాలుగు ఇనుప మేకులు దిగ్గొట్టి, కేబులు తగిలించి, నేలలోకి కరెంటు పంపితే, ఏ మేకు కింద తడి ఉందో కంప్యూటరు బొమ్మ గీసి ఇస్తుంది. ఆ బొమ్మను రైతులు కాగితం అనేవారు. కాగితం చెప్పినచోటే బోరు దిగేది.

ఆ ప్రోగ్రాం రాసింది రంగన్న. రేడియోల రిపేరు నుంచి కంప్యూటరుకు వచ్చిన మనిషి. మీటరు కోడు సీ భాషలో ఉంది, బొమ్మ గీసే కోడు పైథాన్ అనే ఇంకో భాషలో ఉంది. ఆ రెండింటికీ నడుమ దుబాసీ కోడు ఒకటి కావాలి. దాన్ని ఒక టూలు దానంతటదే రాసిపెడుతుంది. 2005లో రంగన్న కామెర్లతో పోయాడు, నలభై కూడా నిండలేదు. ఆయన కుర్చీతో పాటు ఆ కోడూ రాజశేఖర్‌కు సంక్రమించింది. నోట్సంటూ ఒక్క ముక్క లేదు. రాసిపెట్టమని అడిగితే "నేనుండాను గదప్పా" అనేవాడు పాపం.

మరుసటి ఏడాది ఆఫీసుకు కొత్త కంప్యూటరు వచ్చింది. పాత టూలు దానికి సరిపడక రాజశేఖర్ కొత్త వెర్షన్ ఎక్కించాడు. ఇక చూడండి తిప్పలు! ఒక ఎర్రర్ పోతే రెండు పుట్టుకొచ్చాయి. నాలుగు రోజులు కుస్తీ పట్టి, చివరికి పాత దుబాసీ ఫైలును చెరిపేసి, టూలుచేత కొత్తగా రాయించాడు. ఎర్రర్లన్నీ పోయాయి, బొమ్మ వచ్చింది. పొంగిపోయి ఆఫీసంతా మైసూరుపాకు పంచాడు. ఆ పంచేదేదో, పాత చేనొకదానికి పోయి బొమ్మను సరిచూసుకున్నాక పంచి ఉంటే ఎంత బాగుండేది!

కొత్త ఫైలుతో మొదట కమలాపురం దగ్గర శ్రీనివాసులు చేనుకు పోయారు. కాపు మీదున్న చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఎండిపోయిన పాత బోరు. తూర్పు కొసన నీళ్లున్నాయంది కాగితం. ఐదు వందల అడుగులు దిగినా దుమ్మే లేచింది. వారానికి రాయచోటి వైపు ఇంకో రైతుకూ అంతే. రాజశేఖర్ తాను చెరిపేసిన పాత ఫైలు ఇంకెక్కడైనా ఉందేమోనని వెతికాడు.

రంగన్న భార్య రామేశ్వరమ్మ దగ్గర పాత సీడీ ఒకటి దొరికింది. అందులోని ఫైలునూ తన ఫైలునూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఈ ఫైలును చేత్తో మార్చరాదని రెండింటి నెత్తినా టూలు రాసిన హెచ్చరిక ఉంది. రంగన్న మార్చాడు. నడుమ పదకొండు లైన్లు చేర్చి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకున్నాడు: "కేబులు ఎలుక కొరికింది. అతికేటప్పుడు తిరగబడింది. ఈడ తిప్పినా." కొత్త కేబులుకు ఆఫీసు యజమాని ఒప్పుకోకపోతే, మేకుల వరసను కోడులోనే తిరగేసి పని జరిపాడన్నమాట. టూలు మళ్లీ రాసేసరికి ఆ లైన్లు తుడిచిపెట్టుకుపోయాయి. తూర్పున చూపిన నీళ్లు నిజానికి పడమటివి.

నోరు మూసుకోమన్నాడు యజమాని. రాజశేఖర్ వినకుండా కమలాపురం బస్సెక్కాడు.

శ్రీనివాసులు ఇంటి ముందు నిలబడి జరిగిందంతా చెప్పాడు. "తప్పు నాదేన్నా. మీ నేలది గాదు" అన్నాడు.

శ్రీనివాసులుకు కోపం రాలేదు, ముఖం వెలిగింది. "అయితే మా చేన్లో నీళ్లుండాయా? యాడుండాయప్పా?"

"పడమటి కొసన. శానా ఉండాయి."

ఆ మాటకు ఆయన తల తిప్పి పడమటి హద్దు వైపు చూశాడు. ఆయన భార్య నాగలక్ష్మమ్మ అందుకుంది. "ఆ పడమటి నేలచెక్కలో తడి ల్యాదని నీ కాగితమే చెప్పె గదప్పా. దాన్ని కేశవయ్య శెట్టికి అమ్మిన దుడ్లతోనే ఈ బోరు ఏపిస్తిమి."

పడమట కేశవయ్య అప్పటికే హద్దురాళ్లు పాతించాడు. ఇవతల చీనీ చెట్లు పిందెలు రాలుస్తున్నాయి. తిట్లకు సిద్ధపడి వచ్చిన రాజశేఖర్‌ను ఒక్కరూ తిట్టలేదు. నాగలక్ష్మమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"ఎండన పడి వచ్చినావు. తాగు నాయినా."

అవి మైలు దూరం నుంచి ఆమె బిందెతో మోసుకొచ్చిన నీళ్లు. రాజశేఖర్ చెంబు అందుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.