అయ్యగారి చివరి బాప్తిస్మం

ఆ ఎండాకాలం నేను పెనుకొండలో ఒక చిన్న మెన్నోనైట్ క్రైస్తవ సంఘంలో ఉన్నాను. బైబిల్ కాలేజీ విద్యార్థులు సెలవుల్లో ఏదో ఒక సంఘంలో పాస్టరు దగ్గర ఉండి పని నేర్చుకోవాలని నియమం. మాది పాలమూరు వైపు. అక్కడి పాస్టరు కూడా మా వైపు నుంచే, పెళ్లికి ముందు ఎప్పుడో వచ్చి, హిందూపురం అమ్మాయిని చేసుకుని స్థిరపడిపోయారు. ఊళ్లో అందరికీ ఆయన అయ్యగారు, ఆవిడ అమ్మగారు. నాకు వాళ్లింట్లోనే ఒక గది ఇచ్చారు.

నేను వెళ్లిపోవడానికి ఇంకా కొన్ని వారాలుందనగా ఒక ఉదయం పాల ప్యాకెట్టు కోసం బయటికి వెళ్తుంటే, అరుగు మీద కూర్చున్న అయ్యగారు పలకరించారు.

"ఎటు వోతున్నవ్ బిడ్డా? జర జల్ది రా, మల్ల ఎండ గొడ్తది."

అన్నాళ్లూ ఆయన నాతో కూడా పెనుకొండ మాటే మాట్లాడేవారు. మా ఊరి యాస వినగానే ప్రాణం లేచొచ్చినట్టయింది. తిరిగొచ్చి అమ్మగారికి చెప్పాను. ఆవిడ రాగిపిండి జల్లిస్తున్న చెయ్యి ఆపేశారు.

"ఇంకోసారి చెప్పు పాపా. ఏమన్న్యాడు?"

చెప్పాను.

"పెండ్లైన కొత్తల్లో ఆ మాటలకు నేను నవ్వుతాంటి. సిగ్గుపడి మానేసినాడు. ఇన్నేండ్లలో ఒక్కసారి గూడా రాల్యా."

ఆవిడ మొహంలో సంతోషం లేదు. అదేమిటో నాకప్పుడు అర్థం కాలేదు.

ఆ ఆదివారం అయ్యగారు అంతకుముందు ఆదివారం చెప్పిన ప్రసంగమే చెప్పారు. శత్రువు ఎదురైనా చెయ్యెత్తకూడదన్న మా సంఘం బోధ మీద ప్రసంగం అది. అవే ఉదాహరణలు, నవ్వించడానికి ఆగిన చోట్లు కూడా అవే. మంచి మాటే గనక నొక్కి చెబుతున్నారని పెద్దలు అనుకున్నారు. మూడో ఆదివారం కూడా అదే మొదలుపెట్టేసరికి వెనక వరసలో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మగారు మాత్రం తలెత్తలేదు.

ఆ వారమే ధర్మవరంలో ప్రార్థన కూడిక ఉంది. అక్కడ మగ్గం నేసే ఒకాయన భార్య బాప్తిస్మం అడుగుతోంది. మా సంఘంలో చంటిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఊహ తెలిసిన వయసులో తమంతట తాము అడిగినవాళ్లకే ఇస్తారు. ఆమె అడిగి ఏళ్లయింది. భర్త హిందువు, ఆయన మనసు ఒప్పుకునేదాకా ఆగుదామని అయ్యగారే ఆపుతూ వచ్చారు. ఎట్టకేలకు భర్త సరేనన్నాడట. ఆ మాట స్వయంగా విందామని అయ్యగారి బండి వెనక కూర్చుని నేనూ బయలుదేరాను.

హైవే మీదికి రాగానే బండి ధర్మవరం ఉన్న ఉత్తరానికి కాక దక్షిణానికి తిరిగింది. ఏదైనా పని ఉందేమో అనుకున్నాను. వేడిగాలి చెవుల్లో హోరెత్తుతోంది. పక్కనుంచి లారీలు పోతుంటే బండి వణుకుతోంది. సోమందేపల్లి అంగళ్లు కనిపించేసరికి నాకు భయం వేసింది.

"అయ్యగారూ, మనం ధర్మవరం గదా పోవాలి?"

ఆయన బండి ఆపారు. పక్కకు తియ్యలేదు, రోడ్డు మీదే ఆపారు. వెనక బస్సు హారన్ మోగిస్తూనే ఉంది. ఆయన ఊరి పేరున్న బోర్డు కేసి చాలాసేపు చూసి, "దేవరకద్ర ఇంకెంత దూరముంటది?" అని అడిగారు.

దేవరకద్ర మా పాలమూరులో ఉంది.

హ్యాండిల్ పట్టుకుని బండిని పక్కకు లాగాను. ఆయన ఎదురు చెప్పలేదు. నేను నడుపుతుంటే వెనక కూర్చుని పెనుకొండ దాకా నా భుజం వదల్లేదు. వేళ్లు ఎముకలోకి దిగినట్టున్నాయి. ఇంటికొచ్చి నీళ్లు తాగాక మామూలు మనిషైపోయారు. "ఈ పొద్దు ధర్మవరం పోవల్ల గదమ్మా, యాల పోల్యా మనం?" అన్నారు.

సాయంత్రం పెరట్లో అమ్మగారికి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"హిందూపురంలో డాక్టరుకు చూపిచ్చినాం. బెంగళూరికి తీసుకపోయి తల స్కానింగు చేయించమన్న్యాడు. ఈయన బాప్తిస్మం అయిపోనీ అంటాడు."

"వేరే పాస్టరును పిలిపిద్దాం అమ్మగారూ."

వెనక అడుగుల చప్పుడైంది. అయ్యగారు గడపలో నిలబడి ఉన్నారు. ఎప్పటినుంచి వింటున్నారో తెలియదు.

"నాకేమైతాందో నాకు తెలుసు," అన్నారు మెల్లగా. "ఇంగ మళ్లీ యెవురికీ ఇయ్యలేను. ఇదొక్కటి నన్ను చెయ్యనీండి. ఆ పొద్దే సంఘంలో నేనే చెప్తా."

ఆయన లోపలికి వెళ్లాక అమ్మగారు నా చెయ్యి పట్టుకుని అన్నారు. "నువ్వు నీళ్లల్లో ఆయన పక్కనే నిలబడు పాపా. కండ్లు మూసి ప్రార్థన చెయ్యొద్దు. ఆయన చేతులే చూస్తాండు."

భర్త ఫోనులో మళ్లీ సరేనన్నాక ఒక ఆదివారం బాప్తిస్మానికి ఖాయమైంది. ఆ ఆదివారం దాకా నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఆయన పొద్దున్నే లేచి ఖాళీ గదిలో చేతులతో ఎవరినో పడుకోబెట్టి లేపుతున్నట్టు సాధన చెయ్యడం రెండుసార్లు చూశాను. రెండోసారి పడుకోబెట్టిన చేతులు అలాగే ఉండిపోయాయి.

చెరువుల్లో నీళ్లు లేవు. సంఘస్థుల్లో ఒకరి తోటలో బోరునీళ్లు నిలవచేసే పెద్ద సిమెంటు తొట్టి ఉంటే, దాన్ని నింపించారు. నీళ్లు రొమ్ముదాకా వచ్చాయి. అంత ఎండలోనూ కాళ్లు తిమ్మిరెక్కేంత చల్లగా ఉన్నాయి. ధర్మవరం నుంచి ఆమె తెల్లచీరలో వచ్చింది. వెంట భర్త. సంఘంవాళ్లతో కలవకుండా తొట్టి గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరు పలకరించినా తల ఊపాడంతే.

అయ్యగారు ఆమెను అడగవలసిన ప్రశ్నలన్నీ తడబడకుండా అడిగారు. ఆమె జవాబులు చెప్పింది. గోడ చుట్టూ అందరూ కళ్లు మూసుకున్నారు. ఆయన ఆమెను వెనక్కి వాల్చి నీళ్లలో ముంచారు.

లేపలేదు.

ఆయన చేతులు ఆమె భుజాల మీదే ఉన్నాయి. చూపు నీళ్ల మీద ఉంది గానీ ఆయన అక్కడ లేరు. చేసిన ప్రార్థననే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. నీళ్ల కింద ఆమె కళ్లు తెరవడం చూశాను. ఆమె చెయ్యి పైకొచ్చి గాలిని పట్టుకోబోయింది. నేను రెండు చేతులూ ఆమె వీపు కింద పెట్టి ఎత్తాను. ఆయన చేతులు గట్టిగా ఉన్నాయి, వదల్లేదు. "అయ్యగారూ" అని అరిచి, భుజంతో ఆయన్ని పక్కకు నెట్టాను. ఆమె పైకొచ్చి నా మీద పడి దగ్గుతూ ఊపిరి తీసుకుంది.

అప్పటికే భర్త గోడ దూకి నీళ్లలో ఉన్నాడు. అతను అయ్యగారి వైపు వచ్చాడు. గోడ మీద సంఘం మగవాళ్లు లేచారు. అతను భార్య మొహం చూశాడు. ఆమె బాగానే ఉన్నానన్నట్టు చెయ్యి ఊపింది. తర్వాత అయ్యగారి మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆయన ఇంకా ప్రార్థిస్తూనే ఉన్నారు.

"పెద్దాయనకు బాగల్యా," అన్నాడు మాతో. "యెవురూ యేమీ అనొద్దండి. రా నాయనా, మెట్లు ఈడుండాయి." ఆయన చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించాడు.

చెప్తానన్న మాట అయ్యగారు చెప్పలేకపోయారు. తడిబట్టలతో ఉన్న ఆయన పక్కన నిలబడి అమ్మగారే చెప్పారు. కొందరు ఏడ్చారు. ఒక పెద్దమనిషి ముందే ఎందుకు చెప్పలేదని కోపగించాడు. ఆ కోపం న్యాయమైనదే.

నేను వెళ్లిపోయే రోజు ధర్మవరం స్టేషనుకు ఆ దంపతులు అన్నం మూట కట్టుకుని వచ్చారు. ఆమె పిండివంటలు కొనడానికి పక్కకు వెళ్లినప్పుడు అతను నాతో అన్నాడు.

"మా నాయన గూడా ఇట్లే పాయ. మొదుట దావ మర్సిపోతారు, ఆనక మనుసుల్ని. సివరికి నోట్లో ముద్ద మింగేది గూడా మర్సిపోతారమ్మా. అమ్మగారికి ఇప్పుడే చెప్పగాకు. ఆయమ్మకు ఇంగా శానా దినాలుండాయి."

రైలు వచ్చింది. నేను చెప్పలేదు. అతనన్న వరసలోనే అన్నీ జరిగాయని తర్వాత అమ్మగారి ఫోన్ల వల్ల తెలుస్తూ వచ్చింది.

కొన్నేళ్లకు అయ్యగారు పోయారని తెలిసి వెళ్లినప్పుడు ఆయన మొహం నున్నగా ఉంది. గడ్డం ఎవరు గీశారని అడిగాను. చివరి ఏడాది బ్లేడు పట్టుకుని ఎవరు దగ్గరికొచ్చినా ఆయన అరిచేవారట. ఆ మగ్గం నేసే మనిషి వస్తే మాత్రం మొహం ముందుకు చాపేవారట. అతను వారం వారం ధర్మవరం నుంచి బస్సులో వచ్చి గీసిపోయేవాడు. ఆ ఉదయం కూడా అతనే గీశాడు. చర్చిలో సమాధి కార్యక్రమం మొదలై పాటలు అందుకున్నప్పుడు అతను లోపలికి రాలేదు. బయట వేపచెట్టు కింద, తడి తువ్వాలు భుజాన వేసుకుని, మేం బయటికి వచ్చేదాకా నిలబడే ఉన్నాడు.