పంజరంలో వైద్యురాలు

ఆమె కట్టుడు పళ్ళు తయారుచేసేది. పళ్ళ డాక్టర్లు రోగుల నోటి అచ్చులు పంపిస్తే, వాటిలో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు మలిచి, ఒక్కొక్క పన్నూ అమర్చి, పైవరసా కిందివరసా సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూసి తిరిగి పంపడం ఆమె పని. పెళ్ళీడు వచ్చేసరికి తండ్రి పోయాడు. తమ్ముడి చదువు అయ్యేదాకా ఆగుదామనుకుంది. చదువు అయింది, ఉద్యోగం వచ్చింది, వాడికి పెళ్ళి కూడా అయింది. ఆమె ఆగడం మాత్రం ఆగలేదు. "ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళ నవ్వు నా చేతిలోంచి వచ్చిందే" అని నవ్వుతూ అనేది గానీ, ఆ నవ్వుల్లో ఒక్కదాన్నీ ఆమె కళ్ళారా చూసి ఎరగదు.

ఉండేది తమ్ముడింట్లోనే. రెండు గదులు, ఒక హాలు. ఒక గది తమ్ముడికీ మరదలికీ, ఇంకోటి పిల్లలకు. హాల్లో సోఫా ఈమెది. పిల్లలు టీవీ కట్టేస్తేనే ఈమెకు పడక. ఎవరైనా చుట్టాలొస్తే వాళ్ళు లేచి వెళ్ళేదాకా కూర్చునే కునుకు తీసేది.

తమ్ముడికి ఒక ఆట పిచ్చి. కంప్యూటర్లో నలుగురు నాలుగు చోట్ల నుంచి కలిసి, కొండలూ గుహలూ తిరుగుతూ రాకాసులతో పోరాడే ఆట. వాడు డాలు పట్టుకుని ముందు నిలబడేవాడు. వాడి బావమరిది నిప్పు మంత్రగాడు. మూడో మనిషి వీళ్ళెవరూ ముఖం చూడని ఒకావిడ. ఏదో ఓడరేవులో క్రేను నడిపేది. ఆమె పాత్ర రెండు గొడ్డళ్ళు విసురుతూ తిరిగేది. అందరూ క్రేనమ్మ అనేవాళ్ళు. ఇక కావలసింది గాయాలు మాన్పే మనిషి. కొట్టే పని అందరికీ కావాలి, కట్టుకట్టే పని ఎవడికీ అక్కర్లేదు. వచ్చిన వైద్యులు వచ్చినట్టే వెళ్ళిపోయారు.

ఒకరోజు ఆమె పని నుంచి వచ్చేసరికి హాల్లో తమ్ముడి బల్ల పక్కన, ఫ్రిజ్జుకూ గోడకూ మధ్య ఒక మడత బల్ల, దాని మీద తమ్ముడి పాత కంప్యూటరు వెలుగుతూ కనిపించాయి. తెర మీద తెల్లటి అంగీలో కర్ర పట్టుకున్న ఒక బొమ్మ. తల మీద పేరు "అక్క" అని రాసి ఉంది.

"నీ కోసం చేశానక్కా. ఊరికే వెనకాల నిలబడి మమ్మల్ని బాగుచేస్తూ ఉంటే చాలు," అన్నాడు తమ్ముడు.

ఆ ఆటలో పాత్ర ఎదిగే కొద్దీ పాయింట్లు వస్తాయి. బలంలో వేసుకుంటే దెబ్బ గట్టిగా పడుతుంది. ప్రాణంలో వేసుకుంటే దెబ్బలకు తట్టుకుంటారు. మంత్రంలో వేసుకుంటే మంత్రం ఫలిస్తుంది. వేసిన పాయింటు మళ్ళీ వెనక్కి రాదు. "అక్క"కు వచ్చినవన్నీ తమ్ముడు ముందే మంత్రంలో పోశాడు. ఆ తరవాత వచ్చినవీ అక్కడే వెయ్యమన్నాడు. ఆమె చేతి కర్రతో దోమను కొడితే దోమ కూడా చావదు.

కానీ ఆమెకు ఆ పని వచ్చింది, ఎవరూ అనుకోనంత బాగా వచ్చింది. మందు మంత్రం చదవడానికి మూడు గుటకలంత సేపు పడుతుంది. అంతసేపూ కదలకూడదు, దెబ్బ తగిలితే మంత్రం మధ్యలో తెగిపోతుంది. ఎవరికి ఎప్పుడు దెబ్బ పడబోతుందో ముందే పసిగట్టి మొదలుపెట్టాలి. తెర మూలన నలుగురి ప్రాణాలూ నాలుగు ఎర్రగీతలుగా ఉంటాయి. ఆమె కళ్ళు ఆ గీతల మీదే. రాకాసి ముఖం ఎలా ఉంటుందో సరిగ్గా చూసింది లేదు.

వైద్యం మరీ ఎక్కువగా చేస్తే రాకాసి డాలువాణ్ణి వదిలేసి ఆమె మీద పడుతుందని తెలిసిన రోజున ఆమె ఆశ్చర్యపోయింది.

"మంచి చేసినవాళ్ళ మీద కోపమేమిట్రా?"

"ఆటంతే అక్కా. అందుకే చూసి చెయ్యాలి. దానికి నా మీదున్న కోపం లెక్క దాటకుండా."

మొదట్లో బాగానే ఉండేది. హెడ్‌ఫోను పెట్టుకుంటే చెవిలో మూడు గొంతులు "అక్కా, అక్కా" అని పిలిచేవి. వరసకు వదినా అనాల్సిన బావమరిది కూడా, తల మీద రాసి ఉన్నదే పిలిచేవాడు. తమ్ముడి పిల్లలు వెనక సోఫాలో కూర్చుని "అత్తా, నాన్న చచ్చిపోతున్నాడు, చూడు!" అని కేకలు పెట్టేవాళ్ళు. రోజంతా ఎవరూ మాట్లాడని గదిలో మైనం చెక్కి వచ్చే మనిషికి అది సంబరంగానే ఉండేది.

రాతికోట గుహలోకి వెళ్ళడం మొదలుపెట్టాక మారింది. ఆ గుహ చివర ఒక బండరాకాసి ఉంటుంది. దాని ప్రాణం సగానికి రాగానే పైనుంచి ఇనప పంజరం ఒకటి తెచ్చి వైద్యం చేసే మనిషి మీద బోర్లిస్తుంది. మిగతావాళ్ళు కొట్టి కొట్టి దాన్ని పగలగొట్టాలి. ఈలోపు రాకాసి తేరుకుంటుంది. ఎన్నిసార్లు వెళ్ళినా అక్కడే ఓడిపోయేవాళ్ళు. ఒకసారి బావమరిది కనిపెట్టాడు.

"బావా, పంజరంలోకి రాకాసి దెబ్బలు పోవట్లేదు, చూశావా? కానీ అక్క మంత్రాలు ఊచల్లోంచి బయటికి వస్తున్నాయి. అసలు దాన్నెందుకు పగలగొట్టడం?"

పగలగొట్టలేదు. గెలిచారు. ఆ రోజు తమ్ముడు కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు.

"లోపలే ఉండక్కా, నీకు అక్కడే క్షేమం!"

ఆమె కూడా నవ్వింది. కానీ ఆ రాకాసి దగ్గర దొరికే కవచాలు ఒక్క గెలుపుతో వచ్చేవి కావు. రోజూ వెళ్ళాలి. రోజూ పంజరం పడాలి. అది పడేటప్పుడు ఘల్లుమని ఒక చప్పుడు వస్తుంది. కొన్నాళ్ళకు ఆ చప్పుడు ఆమెకు పనిలో ఉన్నా వినబడసాగింది. ఎవరైనా ఇనప పళ్ళెం కింద పడేస్తే భుజాలు బిగుసుకునేవి. లోపలి నుంచి కదలడానికి లేదు, పక్కకు తిరగడానికి లేదు. చుట్టూ ఊచలు, ఊచల అవతల ముగ్గురు స్వేచ్ఛగా దూకుతూ కొడుతూ ఉంటారు. బండరాకాసి ముఖం ఆమె మొదటిసారి తీరిగ్గా చూసింది అక్కడి నుంచే. పెద్ద భయంకరంగా ఏం లేదు. విసుగ్గా ఉంది, అంతే.

బయటా అంతే. ఫ్రిజ్జుకూ గోడకూ మధ్యనుంచి ఆమె లేవాలంటే పక్కనున్న తమ్ముడు కుర్చీ జరపాలి. ఒకసారి పోరు మధ్యలో బాత్రూమ్‌కు వెళ్ళాల్సి వచ్చింది.

"ఒరేయ్, కాస్త జరుగు."

"రెండు నిమిషాలక్కా, అయిపోవచ్చింది."

రెండు నిమిషాలు కావు. పంటి బిగువున కూర్చుంది. గీతలు పడిపోకుండా చూసుకుంటూనే కూర్చుంది. గెలిచాక తమ్ముడు కుర్చీ జరిపాడు. ఆమె వెళ్ళి తలుపేసుకుని చాలాసేపు బయటికి రాలేదు. ఆ ఇంట్లో ఆమె వేసుకోగలిగిన తలుపు అదొక్కటే.

"ఈ రోజు నాకు తలనొప్పిగా ఉందిరా" అని ఒకటి రెండుసార్లు అనిచూసింది. ఒక్క మనిషి తగ్గితే గుంపు మొత్తం ఆగిపోతుంది కదా. తమ్ముడు కోప్పడేవాడు కాదు, మొహం చిన్నబుచ్చుకునేవాడు. ఆ మొహం చూడలేకపోవడం ఆమెకు వాడి పసితనం నుంచీ ఉన్న జబ్బు. మాత్ర వేసుకుని వచ్చి కూర్చునేది.

ఇలా ఉండగా ఒక సాయంత్రం బండరాకాసి చచ్చాక అది దాచిన సొత్తు గుట్టలోంచి ఒక నీలం సీసా బయటపడింది. మరుపునీళ్ళు. తాగితే పాత పాయింట్లన్నీ చేతికి వచ్చేస్తాయి, తిరిగి ఎక్కడ కావాలంటే అక్కడ వేసుకోవచ్చు. ఒక పాత్రకు జన్మలో ఒక్కసారే. ఎవరికి చెందాలో ఆట పాచికలు వేసింది. పెద్ద అంకె "అక్క"కు పడింది.

"అబ్బ, మంచిదైంది!" అన్నాడు తమ్ముడు. "అక్కా, అది నాకు పంపించు. గంటలోపు ఇంకొకళ్ళకి ఇవ్వొచ్చు. మొదట్లో తెలియక బలంలో ఎక్కువ పోసేశాను. ప్రాణంలో వేసుకుంటే నేను త్వరగా పడిపోను. నీకే పని తగ్గుతుంది."

మాట న్యాయంగానే ఉంది. వాడి మాటలు ఎప్పుడూ న్యాయంగానే ఉంటాయి. ఆమె సీసా మీద బాణం గుర్తు పెట్టింది కూడా. అప్పుడు చెవిలో క్రేనమ్మ గొంతు వినిపించింది.

"ఆవిడకు వచ్చింది కదా తమ్ముడూ. ఇవ్వాలనుందో లేదో ఆవిణ్ణి అడగవేం?"

"మా అక్కనా? మా అక్కను నేను అడగక్కర్లేదండీ," అని నవ్వాడు వాడు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆమెకే తెలియదు.

"గిన్నెలు అలాగే ఉన్నాయిరా. కడిగి వచ్చి పంపిస్తా," అంది.

తమ్ముడు కుర్చీ జరిపాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. పొయ్యిగట్టు తుడిచింది. గోడమీద నూనె మరకలు గోకింది. మరదలు వచ్చి చూసి, "ఏంటొదినా, రేపెవరైనా పెళ్ళిచూపులకు వస్తున్నారా?" అంది. ఆమె గోకుతూనే ఉంది. దొంగతనం చేస్తున్నట్టు హాలు వైపు ఒక చెవి పెట్టింది. హాల్లోంచి తమ్ముడు ఒకసారి పిలిచాడు. "వస్తున్నా" అంది. ఇంకోసారి పిలిచాడు. కొళాయి ఇంకాస్త తిప్పింది.

గంట దాటిపోయింది. సీసా ఆమెకే ఉండిపోయింది.

"మర్చిపోయాను రా," అంది చేతులు తుడుచుకుంటూ. ఆమె వాడితో ఆడిన మొదటి అబద్ధం అదేనేమో. వాడు నమ్మాడు. అదే ఆమెకు ఎక్కువ బాధనిపించింది.

మర్నాడు తమ్ముడు ఆఫీసు నుంచి రాకముందే, పని బట్టలు మార్చుకోకుండానే ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. ప్లాస్టర్ పొడి గోళ్ళలో అలాగే ఉంది. సీసా తాగించింది. పాయింట్లన్నీ ఒక్కసారి బయటపడి తెర మధ్యలో కుప్పగా నిలిచాయి. అన్నేళ్ళలో ఆమెకంటూ, ఇష్టమొచ్చినట్టు వాడుకోమని ఎవరైనా ఇచ్చినవి అవే. సగం బలంలో వేసింది, సగం ప్రాణంలో వేసింది. మంత్రంలో ఒక్కటీ వెయ్యలేదు. "ఖాయమేనా?" అని ఆట అడిగింది. ఖాయమే అని నొక్కింది.

తమ్ముడు వచ్చి చూశాడు. తెల్ల అంగీ లేదు. సంతలో కొన్న తుప్పు కవచం, మొద్దు కత్తి. తల మీద మాత్రం "అక్క" అనే ఉంది. పేరు మార్చడానికి ఆటలో వీల్లేదు.

"ఏం చేశావక్కా ఇది?"

"తాగేశాను."

"నీకు కత్తి తిప్పడం వచ్చా?"

"రాదు."

"మరెందుకు చేశావు? నన్నొక్క మాట అడగొచ్చు కదా! ఎవరైనా ఏమైనా అన్నారా? నేనేమైనా తక్కువ చేశానా?"

ఎన్నో చెప్పాలనుకుంది. పంజరం చప్పుడు గురించి, ఫ్రిజ్జు గురించి. నోటిదాకా వచ్చాక అవన్నీ చిన్నపిల్లల ఫిర్యాదుల్లా అనిపించాయి.

"ఊరికే చేశానురా," అంది.

"ఆటలో కూడా అలకలేంటి వీళ్ళకు!" అని లోపల్నుంచి మరదలు గొణిగింది. తమ్ముడు మూడు వారాలు ముభావంగా ఉన్నాడు. అన్నం తిన్నావా అంటే తిన్నాను, అంతే. ఈమెకు ముద్ద దిగేది కాదు. మళ్ళీ వెనక్కి తిరిగే దారి ఉంటే తిరిగేసేదే. ఆ సీసా జన్మకు ఒక్కటే కావడం వల్ల చేసినదాని మీద నిలబడింది గానీ, తన ధైర్యం వల్ల కాదని ఆమెకు బాగా తెలుసు.

గుంపులోకి బయటి నుంచి ఇంకో వైద్యుణ్ణి తెచ్చారు. గొంతు వింటే కాలేజీ కుర్రాడిలా ఉన్నాడు. ఆ రోజు తమ్ముడి స్పీకరు కట్టేసి లేదు, పక్క బల్ల నుంచి ఈమెకు అన్నీ వినబడుతున్నాయి. బండరాకాసి ప్రాణం సగానికొచ్చింది. పంజరం ఘల్లుమంది.

"ఎవరైనా దీన్ని పగలగొట్టండి. నేనిక్కడ ఉండను," అన్నాడు కుర్రాడు.

"మీరు లోపలుంటేనే క్షేమమండీ..."

"అయితే నేను పోతున్నా."

"అయ్యో, ఆగండి ఆగండి! వస్తున్నానండీ, ఒక్క నిమిషం!" అంటూ తమ్ముడు రాకాసిని వదిలేసి పంజరం మీదికి పరిగెత్తాడు. టకటకా కొట్టి పగలగొట్టేశాడు. ఆ కుర్రాడు దర్జాగా బయటికి వచ్చాడు. ఆ పూట వాళ్ళు ఓడిపోయారు. అయినా ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు.

ఆమె తన తెర ముందు అలాగే కూర్చుండిపోయింది. అడిగితే ఇంతేనా? ఇన్నాళ్ళూ తను అడగలేదు కాబట్టేనా? లేక తను అడిగినా వాడు రెండు నిమిషాలక్కా అనేవాడా? ఆ రెండోదే నిజమని లోపల ఎక్కడో తెలుస్తూనే ఉంది. పోతాను అనగలిగినవాడికే తలుపు తెరుచుకుంటుంది. ఆమె ఎక్కడికి పోతుంది? లేవాలన్నా వాడు కుర్చీ జరపాలి.

ఇప్పుడు ఆమె ఒంటరిగా ఆడుతుంది. గుహల్లోకి రానిచ్చేవాళ్ళు లేరు. ఊరి బయట పొలాల్లో అడవి పందులుంటాయి, వాటితో పోరు. కత్తి ఎప్పుడు ఎత్తాలో, డాలు ఎప్పుడు అడ్డం పెట్టాలో చేతికి అబ్బలేదు. ఎవరి గీతా చూడనక్కర్లేదు కాబట్టి తన గీత చూసుకోవడం మర్చిపోతుంది. ఎక్కువసార్లు పందే గెలుస్తుంది. వారానికి ఒకటి రెండుసార్లు క్రేనమ్మ వచ్చి గట్టు మీద కూర్చుంటుంది. "కానియ్యండక్కా, నాకేం తొందర లేదు" అని తన రేవు కబుర్లు చెబుతూ ఉంటుంది. సాయం చెయ్యదు. చెయ్యనా అని మొదటిరోజే అడిగింది, వద్దంటే సరేనంది.

మొన్న ఒక సాయంత్రం తమ్ముడు తన ఆట ఆపి ఇటు చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఒకే పంది చేతిలో వరసగా చచ్చి లేస్తోంది.

"అయ్యో, అలా కాదక్కా. అది దూకేముందు తల వంచుతుంది చూడు, అప్పుడు కొట్టాలి. ఇలా ఇవ్వు, నేను చూపిస్తా," అంటూ చెయ్యి చాచి మౌసు అందుకోబోయాడు.

ఆమె దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు. వాడి వేళ్ళు ఆమె వేళ్ళ మీద పడి ఆగాయి.

"చెయ్యి తియ్యరా," అంది మెల్లగా.

వాడు తీశాడు. ఈలోపు పంది తల వంచి దూకింది. ఆమె మళ్ళీ చచ్చింది. ఆటలో చచ్చినవాళ్ళు తిరిగి లేచే గుడ్డి దీపం కింద, ఊరి మొదట్లో, తుప్పు కవచంతో లేచి నిలబడి, పొలాల వైపు నడక మొదలుపెట్టింది. పక్కన తమ్ముడు తన తెర వైపు తిరిగాడు. కుర్చీ మాత్రం అడ్డంగా అక్కడే ఉంది.