వడ్డన కిటికీ ఎత్తు

ఆచార్య ఒరెస్ట్ ప్రిస్టుపా గారు ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. జీవితచరిత్రల్లో ఇలాంటి వివరం ఎవరూ మొదటి వాక్యంలో పెట్టరు. ఈయన కథంతా అందులోనే ఉంది కనుక ముందే చెప్పేస్తున్నాను.

తండ్రి కెనడాలోని మా జోర్యానా స్టేషన్లో రైలు పట్టాలు బిగించేవాడు. తల్లి ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. చర్చి వంటగదిలో బంగాళాదుంప ముద్ద కూరి ఉడికించే పిరహీలు ఒత్తేది. కొడుకు చదువుకుని ఆర్కిటెక్టయి, నల్ల ఫ్రేము కళ్ళద్దాలతో ఇరవై తొమ్మిదో ఏట ఊరికొచ్చాడు. పెద్దలు చర్చి పక్కన సమావేశాల హాలు కట్టమన్నారు. వాళ్ళు అడిగింది గుమ్మటం. ఆయన ఇచ్చింది చదును కప్పు, బారెడు అద్దాల వరస.

"ఇది హాలా, గోధుమల గిడ్డంగా?" అన్నారు ముసలాళ్ళు.

మొదటి చలికాలం ఆ హాలు వెచ్చగా గడిచాక అనడం మానేశారు. మా మానిటోబా ఉక్రెయిన్ వాళ్ళలో తిట్టడం మానేయడాన్నే మెచ్చుకోవడం అంటారు.

తర్వాత ఆయన విన్నిపెగ్‌లో విశ్వవిద్యాలయంలో ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పాడు. ఏటా మొదటి తరగతిలో పిల్లలందరికీ తలా ఒక కొలత టేపు ఇచ్చేవాడు. "పుస్తకంలోవి చచ్చిన కొలతలు. వెళ్ళి బతికున్న మనిషిని కొలవండి" అనేవాడు. ఉదాహరణకి మా హాల్లో వడ్డన కిటికీ బొమ్మ చూపేవాడు. వంటగదిలోంచి పళ్ళాలు అందించే కిటికీ అది. "ఈ గట్టు ఎత్తు ఏ పుస్తకంలోనూ లేదు. మనిషి మోచేతిని కొలిచి పెట్టాను."

అది అక్షరాలా నిజం. ఎవరి మోచేయి అని ముప్పై నాలుగేళ్ళలో ఒక్క విద్యార్థీ అడగలేదు. అడగని ఆ పిల్లలే ఆ టేపులు పట్టుకెళ్ళి, మంచం మీంచి ఆకాశం కనబడే ఆసుపత్రులు, చిన్నపిల్లల చెయ్యి అందే తలుపు పిడులున్న బడులు కట్టారు. జనవరి ఏడున, మా క్రిస్మసుకి, ఆయనకి ఇప్పటికీ బుట్టెడు కార్డులొస్తాయి.

ఆయన కట్టినవి పదకొండు. రిటైరయ్యేసరికి నాలుగు కూల్చేశారు, ఒకటి తివాచీల కొట్టయింది, మిగతా వాటికి ఆయన పోల్చుకోలేనన్ని మార్పులు చేశారు. కట్టినట్టే ఉన్నది మా హాలొక్కటే. డెబ్బై ఒకటో ఏట వారసత్వ కట్టడాల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది: హాలుని రక్షిత జాబితాలో చేర్చదలిచాము, శుక్రవారం వచ్చి చూస్తాము, లోపల అంతా మొదట కట్టినట్టే ఉండాలి. ఒక్కటైనా తన తర్వాత నిలవాలని ఆయన కోరిక. ఆ ఉత్తరం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు.

ఇక్కడ మా ఊరి మహా రహస్యం ఒకటి విప్పాలి. వంటగదికి తేతా డోమ్కా అధిపతి. తేతా అంటే అత్త. ఎనభై ఆరేళ్ళ ఆవిడ ఊరందరికీ అత్తే. ప్రొఫెసర్ గారి బూడిదరంగు కారు మలుపులో కనబడగానే వంటగదిలో ఎవరో ఒకరు "పిండి పొంగింది!" అని అరిచేవారు. పిరహీల పిండి పొంగదు గనుక, ఆ మాట ఎవరూ పొరపాటున అనే ప్రమాదం లేదు. అరుపు వినగానే ఇద్దరు ఆడవాళ్ళు ఒక వస్తువుని మోసుకెళ్ళి బంగాళాదుంపల గదిలో దాచేవారు. నలభై రెండేళ్ళు ఈ కట్టుదిట్టం సాగింది.

గురువారం నాడు కారు మరమ్మతు షెడ్డులో ఉంది. సంఘం వాళ్ళు రాకముందు ఒకసారి చూసుకుందామని ఆయన పొరుగాయన ట్రక్కులో వచ్చాడు. పిండి పొంగలేదు.

వంటగది తలుపు తీసేసరికి కిటికీ పొడవునా ఒక చెక్కపీట, దాని మీద తేతా డోమ్కా.

"ఏంటిది తేతా?"

"గుమ్మడికాయలు పెట్టుకునే పీట."

"మరి నువ్వెక్కావేం?"

"గుమ్మడికాయలు ఇంకా రాలేదుగా నాయనా."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని టేపు తీశాడు. తొమ్మిది అంగుళాలు. చెక్క మీద పాదాల చోట గుంటలు పడ్డాయి.

"ఎప్పటిది?"

"నువ్వు రిబ్బను కత్తిరించిన వారానిది. మా ఆయన చేశాడు. చేసినన్నాళ్ళూ నిన్ను తిట్టాడులే."

"ఒక్కరైనా నాకు చెప్పొచ్చు కదా!"

వంటగదిలో మిగతా పదిమందీ తలలు వంచుకుని పిరహీలు ఒత్తసాగారు. చివరికి డోమ్కాయే అంది: "మీ అమ్మ వద్దంది. ఇరవై ఏళ్ళు ఆవిడా దీని మీదే నించుంది. రెండుసార్లు పడింది కూడా. 'మావాడికి తెలిస్తే మళ్ళీ ఏదీ కట్టడు, నోరు మూసుకోండి' అంది. మూసుకున్నాం."

ఆయన పీట అంచు మీదే కూర్చుండిపోయాడు. కళ్ళద్దాలు తుడుచుకుని, "తేతా, చెయ్యి మడువు" అన్నాడు.

పదకొండు మంది మోచేతులూ కొలిచాడు.

"పెళ్ళిబట్టలప్పుడు దర్జీ తర్వాత నన్ను కొలిచింది నువ్వే. నలభై రెండేళ్ళు ఆలస్యంగా వచ్చావు" అంది ఒకావిడ.

శుక్రవారం సంఘం నుంచి ఒకావిడ వచ్చి అన్నీ చూసి ముచ్చటపడింది. "అంతా మొదట కట్టినట్టే ఉంది కదా ప్రొఫెసర్?"

"ఉంది. సోమవారం నుంచి ఉండదు." ఒక కాగితం చేతికిచ్చాడు. అందులో కిటికీ గట్టు తొమ్మిది అంగుళాలు కిందికి దిగింది.

"దీంతో జాబితాలో చోటు పోతుంది. ఆలోచించుకోండి."

"దీని గురించి నా బదులు మా అమ్మ చాలా ఏళ్ళు ఆలోచించిందమ్మా. భోంచేసి వెళ్ళండి."

మా హాలు ఆ జాబితాలో లేదు. పీటని ఆయన తను పాఠం చెప్పిన గదికి పంపించాడు. ఇప్పుడు మొదటి తరగతిలో టేపులతో పాటు దాన్నీ చూపిస్తున్నారట.

హాల్లో ప్రతి శుక్రవారం పెట్టే భోజనాల వరసలో ఇప్పుడు పొడుగు మగాళ్ళందరూ కిటికీ దగ్గర నడుం వంచి పళ్ళెం అందుకుంటున్నారు. అందరికంటే ఎక్కువ వంగేది ప్రొఫెసర్ గారే.

"నడుం నొప్పా నాయనా?" అంది తేతా డోమ్కా మొదటి వారం, నేల మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడి.

"లేదు తేతా. ఈ ఎత్తే సరైంది."

ఆవిడ ఆ పళ్ళెంలో ఇంకో నాలుగు పిరహీలు వేసి, ఉల్లిపాయ వేపుడు గరిటెడు వడ్డించింది. ఆయన "దండాలు" అని, వంగినవాడు వంగినట్టే కాసేపుండి, వెనక వరస గొడవ చేస్తే కదిలాడు.