ఉతకని చొక్కా

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు నేను ఫోరెన్సిక్ ప్రయోగశాల డీఎన్ఏ విభాగంలో అసిస్టెంట్ డైరెక్టరుని. ఆ వేసవిలో ఫిల్మ్ నగర్ నుంచి సీలు వేసిన మూడు కవర్లు వచ్చాయి. సినిమా దుస్తుల గోదాములో దొంగతనానికి దూరినవాడెవడో వాచ్‌మన్ తల పగలగొట్టాడు. వాచ్‌మన్‌కి స్పృహ లేదు. ఒక కవర్లో, గోడ పక్కన దొరికిన చొక్కా, దాని మీద అతని రక్తం. రెండోదాంట్లో, ఆసుపత్రిలో కత్తిరించిన అతని గోళ్ల ముక్కలు. మూడోది, అనుమానితుడి రక్త నమూనా. అతని పేరు సాయిలు. బోరబండలో ఉండే జూనియర్ ఆర్టిస్టు, ఆ వారం షూటింగు పని మీద గోదాముకు వచ్చిపోయినవాడు.

చొక్కా తొడిగిన మనిషి చర్మకణాలు కాలరు లోపలివైపు అంటుకుంటాయి. తడి దూదిపుల్లతో వాటిని తీసి, అందులోని కాస్త డీఎన్ఏను పీసీఆర్ యంత్రంలో కోట్ల నకళ్లుగా పెంచి, ఇరవైకి పైగా చోట్ల పోల్చి చూస్తాం. అన్నిచోట్లా సాయిలుతో సరిపోయింది. కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు రోజుకు రెండుసార్లు ఫోను. "ఇంకా గోళ్లెందుకండీ, కాలరు చాలదా?" అన్నాడు. చాలుననుకున్నాను. గోళ్ల కవరు విప్పకుండానే రిపోర్టు మీద సంతకం పెట్టేశాను. సాయిలును జైలుకు పంపారు.

నెల దాటాక సాయిలు భార్య మా గేటు దగ్గర నన్ను పట్టుకుంది. కేసు తాలూకు మనుషులతో మేం మాట్లాడకూడదు. ఆ మాటే అంటే ఆమె వింటేనా!

"సార్, ఆ అంగి షూటింగ్‌ది. మా ఆయన మూడు దినాలు ఏసుకున్నడు. గాడ షూటింగ్ అయ్యేదాక బట్టలు ఉతకరు సార్. గది మీ మిషనుకు తెల్వదా?"

సెక్యూరిటీవాళ్లు ఆమెను పంపేశారు. నన్ను మాత్రం ఆ మాట వదల్లేదు. సాయంత్రం మా అపార్ట్‌మెంటులో ఉండే కాస్ట్యూమరు సుబ్బారావు గారిని, కేసు సంగతి ఎత్తకుండా, ఊరికే అడిగినట్టు అడిగాను.

"ఎలా ఉతుకుతామండీ? ఉతికితే రంగు మారుద్ది, మరక పోద్ది, నిన్నటి సీనుకి అతకదు. గుంపులో వేసే చొక్కాలైతే ఎవరికి సరిపోతే వాళ్లకే ఇస్తాం," అన్నాడాయన.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయమేసింది, అంతకు మించి నా మీద నాకే ఒళ్లు మండింది. పొద్దున్నే డైరెక్టరు గారి అనుమతి తీసుకుని గోళ్ల కవరు విప్పాను. గోళ్ల కింద వాచ్‌మన్‌దే కాక ఇంకో మగవాడి డీఎన్ఏ ఉంది. పెనుగులాటలో రక్కినప్పుడు అంటిందన్నమాట. అది సాయిలుది కాదు. అనుబంధ నివేదిక రాశాను. ముందే ఎందుకు చూడలేదని డైరెక్టరు గారు అడిగితే, తొందరపడ్డానని ఫైల్లోనే రాసిచ్చాను. గోదాముకు బట్టలు చేరవేసే వ్యాను డ్రైవరును పోలీసులు తర్వాత పట్టుకున్నారు. గోళ్ల కింద దొరికింది అతనిదే. చేతికందిన షూటింగు చొక్కాతో రక్తం తుడుచుకుని గోడ పక్కన పడేశానని ఒప్పుకున్నాడు.

డీఎన్ఏ ఎవరిదో తెలుస్తుంది, ఎప్పుడు అంటిందో తెలియదు. కొత్తగా చేరినవాళ్లకు ఏళ్ల తరబడి ఈ పాఠం చెబుతూ వచ్చింది నేనే. ఆ కేసు తర్వాత, ఒక్క కవరు సీలు విప్పకుండా మిగిలినా రిపోర్టు మీద సంతకం పెట్టలేదు. గోళ్ల పరీక్షకు పట్టింది రెండు రోజులు. సాయిలు జైల్లో ఉన్నది నలభై ఒక్క రోజులు.