పకోడీ కోసం డెమో క్లాసులు

ఆ రోజుల్లో ఏ కోర్సయినా సరే, ముందు డెమో క్లాసు వినకుండా చేరడమంటే మా దృష్టిలో శుద్ధ తెలివితక్కువతనం. మా ఆయనా నేనూ అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుల డెమోలు విని విని ముదిరినవాళ్ళం. (కొన్ని కోర్సులైతే నేను డెమోలతోనే సరిపెట్టేశాను.) అలాంటివాళ్ళం అమెరికా వచ్చి టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో కాపురం పెట్టిన కొత్తలో, దిక్కులేని కుక్కల్ని ఉంచే షెల్టర్ నుంచి ఒక కుక్కని తెచ్చుకున్నాం. రంగు చూసి పకోడీ అని పేరు పెట్టాను. మహా ముద్దుగా ఉండేది, కానీ మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడితే చాలు, బిల్డింగంతా దద్దరిల్లేలా మొరిగేది. కింద ఫ్లాట్ ఆవిడ ఫిర్యాదు చేసింది. ఇంకొక్కసారి కుక్క మీద కంప్లెయింట్ వస్తే దాన్ని పంపించెయ్యాల్సిందేనని అపార్ట్‌మెంట్ ఆఫీసులో అమ్మాయి నవ్వుతూనే చెప్పింది. నా వీసాకి ఉద్యోగం చెయ్యకూడదు, పగలంతా ఆ ఇంట్లో కబుర్లు చెప్పుకోవడానికి నాకున్నది అదొక్కటే.

"ఏడవకు. ఆన్‌లైన్‌లో ట్రైనింగ్ కోర్సులు బోలెడున్నాయి. డెమోలు చూసి మంచిది సెలెక్ట్ చేద్దాం," అన్నారు మా ఆయన. ఇక చూడండి మా హడావుడి! ఆయన ఆఫీస్ నుంచి రాగానే కాఫీలు కలుపుకుని లాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్ళం. ఒకాయన వారంలో కుక్కని మనిషిని చేస్తానన్నాడు. ఇంకొకాయన చివర్లో సర్టిఫికెట్ ఇస్తానన్నాడు. మా ఆయన మొగ్గు అటే. "సర్టిఫికెట్ చూపిస్తే కిందావిడ ఊరుకుంటుందా అండీ?" అని నేను కసిరాను.

చివరికి ఒక తెల్లజుట్టు పెద్దావిడ లైవ్ డెమోకి కూర్చున్నాం. మా ఆయన చెయ్యెత్తి, "మేడమ్, మెటీరియల్ ఇస్తారా? మిస్సయితే బ్యాకప్ క్లాసులుంటాయా?" అని అడిగేశారు. ఆవిడ ఆ సంగతి వదిలేసి, "మీ కుక్క ఏది?" అంది.

"బెడ్‌రూమ్‌లో పెట్టి తలుపేశామండీ, క్లాసు డిస్టర్బ్ చేస్తుందని," అన్నాను గొప్పగా.

ఆవిడ పగలబడి నవ్వింది. "క్లాసు దానికీ మీకూ కలిపి. వెళ్ళి తీసుకురండి." అంతకుముందు విన్న డెమోల్లో కుక్కని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరని అప్పుడు వెలిగింది మాకు! ఆ రోజే ఆవిడ దగ్గర చేరిపోయాం.

ఇక పగలల్లా నాకూ పకోడీకీ అదే పని. అడుగుల చప్పుడు విని మొరక్కుండా నావైపు తిరిగితే ఒక చికెన్ ముక్క. అలా సాగుతుండగా ఒక శనివారం పై ఫ్లాట్‌లోకి దిగుతున్నవాళ్ళు ధనాధన్‌మంటూ మెట్ల మీద సోఫా ఈడ్చుకొచ్చారు. పకోడీ చెవులు నిక్కబొడుచుకుని తలుపుకేసి చూసింది. తర్వాత నావైపు తిరిగి, కిక్కురుమనకుండా కూర్చుంది. "సాధించావే తల్లీ!" అని నేను కేకలు, మా ఆయన ఈలలు, హాలంతా ఒకటే గెంతులు!

సోమవారం పొద్దున్నే ఆఫీసు నుంచి ఫోన్. కంప్లెయింట్ వచ్చిందట. "మా కుక్క మీదా?" అన్నాను.

"కాదు," అంది ఆ అమ్మాయి ఇబ్బందిగా, "మీ ఇద్దరి మీద."

నా జన్మలో ఏ మెప్పుకీ అంత పొంగిపోలేదు. థాంక్యూల మీద థాంక్యూలు చెప్పాను, పాపం ఆ అమ్మాయికి ఏం అర్థమైందో! ఇప్పుడు ఆ దగ్గర్లోనే ఫ్రిస్కోలో సొంతిల్లు, ఎంత గెంతినా అడిగే దిక్కు లేదు. మోకాళ్ళే ఒప్పుకోవడం లేదు గానీ, చీవాట్లు తిని ఫోన్ పట్టుకుని మురిసిపోయిన ఆ పిల్లని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.